క్రీడాంగణం: తీర్పు ఒకటి, ప్రశ్న మరొకటి

మన ఉద్యోగుల పిల్లలు ఇటీవల ఆడిన సాఫ్ట్‌బాల్ పోటీలో ఒక చిన్న పేచీ తలెత్తింది. రెండవ బేస్ వైపు పరుగెడుతున్న అమ్మాయికి, బంతి ఇంకా చేతికందని ప్రత్యర్థి ఫీల్డర్ అడ్డుగా నిలిచింది. ఇద్దరూ ఢీకొన్నారు. ఆ వెనుకనే బంతి వచ్చింది, ఫీల్డర్ దానితో ఆమెను తాకింది. అంపైర్ మాత్రం పరుగెత్తిన అమ్మాయికే బేస్ ఇచ్చాడు. ప్రేక్షకులలో సగం మందికి అది అన్యాయంగా తోచింది. "ఆ పిల్ల కావాలని అడ్డు రాలేదు కదండీ!" అన్నది వారి వాదన.

ఆ మాట వింటే కలకత్తాలో ఉండేవారికి ఈడెన్ గార్డెన్స్ గుర్తు రాక మానదు.

1999 ఫిబ్రవరి 19. ఆసియా టెస్ట్ ఛాంపియన్‌షిప్ పోటీలో పాకిస్తాన్‌పై భారత్ లక్ష్యం 279 పరుగులు. టెండూల్కర్ మూడవ పరుగు కోసం బంతినే చూస్తూ పరుగెడుతూ, వికెట్ల దగ్గర నిలిచివున్న షోయబ్ అఖ్తర్‌ను ఢీకొన్నాడు. సబ్‌స్టిట్యూట్ నదీమ్ ఖాన్ విసిరిన బంతి నేరుగా వికెట్లను తాకింది. మూడవ అంపైర్ కె.టి. ఫ్రాన్సిస్ టీవీ చిత్రాలను పరిశీలించి రనౌట్‌గా ప్రకటించాడు. టెండూల్కర్ చేసినవి 9 పరుగులు. (టీవీ సాయంతో మూడవ అంపైర్ ఔటిచ్చిన మొట్టమొదటి టెస్ట్ బ్యాట్స్‌మన్ కూడా ఆయనే, అది 1992లో డర్బన్‌లో.)

ఫ్రాన్సిస్ ముందున్న ప్రశ్న ఒక్కటే: వికెట్ పడిన క్షణంలో బ్యాటు క్రీజు దాటి నేలను తాకి ఉన్నదా? లేదు. కనుక తీర్పు సరియైనదే. స్టాండ్లలోని వేలాది మంది ప్రశ్న వేరు: ఢీకొనకపోతే తాకి ఉండేది కాదా? ఆ ప్రశ్నకు కెమెరా వద్ద సమాధానం లేదు. క్రికెట్ నియమావళి ఫీల్డర్ ఉద్దేశపూర్వకంగా అడ్డుకున్నాడా అని మాత్రమే అడుగుతుంది. సాఫ్ట్‌బాల్‌కు ఉద్దేశంతో నిమిత్తం లేదు. చేతిలో బంతి లేకుండా దారికడ్డుపడితే చాలు, అది అబ్‌స్ట్రక్షన్. అంపైర్ ఎడమచేయి చాచి సూచిస్తాడు. బేస్‌ల మధ్య దూరం 60 అడుగులే గనుక, ఆ కొద్ది క్షణాలలో ఎవరి మనసులో ఏమున్నదో తేల్చమనడం ఏ అంపైర్‌కైనా శిక్షే అవుతుంది. ఈ విషయంలో నా ఓటు సాఫ్ట్‌బాల్‌కే.

క్రికెట్‌లో మిగిలిన దారి ఒక్కటే, కెప్టెన్ అప్పీలును ఉపసంహరించుకోవడం. 1980లో బొంబాయి టెస్ట్‌లో విశ్వనాథ్ ఔటైన బాబ్ టేలర్‌ను వెనక్కు పిలిచాడు. ఆ మ్యాచ్‌లో మనం ఓడిపోయాము. వసీం అక్రమ్ పిలవలేదు. అతడు నియమం తప్పలేదు. కానీ సీసాలు మైదానంలోకి వచ్చిపడ్డాయి, ఆట నిలిచింది. టెండూల్కర్, దాల్మియా స్వయంగా వచ్చి ప్రేక్షకులను బ్రతిమాలవలసి వచ్చింది. మరునాడు మళ్లీ అల్లరి రేగగా పోలీసులు ప్రేక్షకులను బయటకు పంపివేశారు. పాకిస్తాన్ 46 పరుగుల తేడాతో గెలిచింది, ఖాళీ స్టాండ్ల నడుమ. తొలి ఇన్నింగ్స్‌లో 26 పరుగులకే 6 వికెట్లు కోల్పోయిన జట్టు అది! ఆ మ్యాచ్‌లో శ్రీనాథ్ తీసిన 13 వికెట్ల సంగతి ఇప్పుడెవరికి గుర్తున్నది?

ఇదంతా మన తల్లిదండ్రులకు వివరించబోయాను. నియమాన్ని తప్పుగా అన్వయిస్తే సాఫ్ట్‌బాల్‌లో ఫిర్యాదు చేయవచ్చుననీ, అంపైర్ కంటితో చూసి నిర్ణయించిన దానిపై చేయరాదనీ చెప్పాను. ఒక అమ్మ శ్రద్ధగా విని, "సరేనండీ, అడ్డు లేకపోతే ఆ పిల్ల బేస్ చేరేదని అంపైర్‌కు ఎలా తెలిసింది?" అని అడిగింది.

అది కూడా ఆయన కంటితో నిర్ణయించేదేనన్నాను. ఆమె నవ్వి ఊరుకున్నది.