పరిశోధన అంశం తరగతి గదిలోనే దొరుకుతుంది

హైదరాబాద్‌లోని రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ సంచాలకులకు,



చర్యాత్మక పరిశోధన (యాక్షన్ రీసెర్చ్) రికార్డు కావాలంటే ఇప్పుడు జిరాక్స్ షాపుకు వెళ్తే చాలు. ‘విద్యార్థుల గైర్హాజరు – కారణాలు, నివారణ’, ‘గణితంలో వెనుకబాటు – ఒక అధ్యయనం’ లాంటివి బడి పేరు మార్చుకుంటే ఏ మండలానికైనా సరిపోతాయి. కారణాల పేజీలో పేదరికం, తల్లిదండ్రులకు చదువు లేకపోవడం, సెల్‌ఫోను ఉంటాయి. సూచనల పేజీలో ప్రభుత్వం ఏం చేయాలో, తల్లిదండ్రులు ఏం చేయాలో ఉంటుంది. టీచరు రేపు పొద్దున తరగతిలో ఏం మార్చుకోవాలో మాత్రం ఎక్కడా ఉండదు.

1946లో కర్ట్ లెవిన్ చర్యాత్మక పరిశోధన గురించి రాసినా, 1953లో కొలంబియా టీచర్స్ కాలేజీలోని స్టీఫెన్ కోరీ దీన్ని బడుల కోసం పుస్తకంగా తెచ్చినా, పరిశోధించేవాళ్లే పని మార్చి చూడాలన్నది అందులో అసలు సంగతి. అంశం ఎంచుకోవడంలోనే మనం ఆ సంగతి వదిలేస్తున్నాం.

నాలుగో తరగతినే తీసుకోండి. ‘పిల్లలకు చదవడం రాదు’ అన్నది ఫిర్యాదు, అంశం కాదు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే అది విడివిడి చిక్కులుగా తేలుతుంది. గుణింతాలన్నీ గడగడా చదివే పిల్ల ‘పుస్తకం’ దగ్గర ఆగుతుంది. మన ఒత్తుల్లో చాలావరకు తలకట్టు తీసేసిన అక్షరాల్లాగే ఉంటాయి కదా. త, న, మ, య, ర, ల, వ ఒత్తులు అలా కాదు, రూపమే మారిపోతుంది. ‘అమ్మ’ టక్కున చదివి ‘జన్మ’ దగ్గర తడబడే పిల్లవాడికి ‘మ’ ఒత్తు ఇంకా రాలేదు, ‘అమ్మ’ అన్న మాట మొత్తం బొమ్మలా గుర్తుండిపోయిందంతే. (పరీక్ష పేపరు ఈ తేడా పట్టుకోలేదు, పక్కన కూర్చున్న టీచరే పట్టుకోవాలి.) ఇక్కడికి వచ్చాక అంశం తనంతట తనే తేలుతుంది: రూపం మారే ఒత్తులున్న మాటలను ఎలా నేర్పితే ఈ పిల్లలు చదవగలరు? ఆరు వారాల్లో తేలిపోయే పని.

గైర్హాజరూ అంతే. పత్తి ఏరే రోజుల్లో పిల్లలు చేలకు పోకుండా ఆపడం ఒక్క టీచరు వల్ల అయ్యేది కాదు. వాళ్లు తిరిగొచ్చేసరికి పాఠం రెండు యూనిట్లు ముందుకు పోయి ఉంటుంది. అర్థం కాక మళ్లీ మానేస్తారు. తిరిగొచ్చిన మొదటి వారం వాళ్లకు ఏం చెప్పాలన్నది మాత్రం పూర్తిగా టీచరు చేతిలో ఉంది.

కాబట్టి పైనుంచి బడులకు అంశాల జాబితాలు పంపే పద్ధతే వద్దని మా విన్నపం. 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి పిల్లల స్థాయి పరీక్షించి రాసిన పట్టికలు బడుల్లోనే ఉన్నాయి. హాజరు పట్టీలు, నోటు పుస్తకాలు ఎలాగూ ఉన్నాయి. అంశం అక్కడి నుంచి టీచరే తీయాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక అరగంట దానికే కేటాయించి తోటి టీచర్లు ప్రశ్నలు వేస్తే, పెద్ద పెద్ద శీర్షికలు వాటంతటవే చిక్కిపోతాయి. జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) అధ్యాపకులు నివేదిక వచ్చాక మార్కులు వేయడం కన్నా, అంశం కుదిరేటప్పుడే ఒకసారి బడికి వచ్చి ఆ పిల్లలతో చదివించి చూస్తే మేలు.

ఇంకొక్కటి. నాకు తెలిసిన నివేదికలన్నీ విజయవంతమే. పద్ధతి పనిచేయలేదని రాస్తే చెడ్డపేరు వస్తుందన్న భయంతో టీచర్లు ఫలితం ముందే తెలిసిన అంశాలే ఎంచుకుంటున్నారు. వచ్చే విద్యా సంవత్సరం నివేదిక నమూనాలో ‘మార్పు కనిపించలేదు, ఎందుకంటే’ అని ఒక గడి పెట్టించండి. అది నింపినవాళ్లను సంజాయిషీ అడగబోమని సర్క్యులర్‌లోనే రాయించండి.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు