చలానా మాఫీ ఊరికే ఇవ్వొద్దు

తెలంగాణ ప్రభుత్వం 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద రాయితీ ఇచ్చింది. టూవీలర్లకు 75 శాతం మాఫీ. రెండేళ్లు తిరక్కముందే, 2023 డిసెంబరులో మళ్లీ ఇచ్చింది, ఈసారి 80 శాతం. హైదరాబాదుకు పోయొచ్చే కర్నూలు వాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. చలానా పడితే తొందరపడి కట్టొద్దు, ఆగితే రాయితీ వస్తుంది, లేదంటే లోక్ అదాలత్ ఉండనే ఉంది అన్న మాట ఇక్కడా స్థిరపడింది. పేదోళ్లకు ఊరట దొరికితే నీకేం నొప్పి అని చదువుకున్నవాళ్లే అడుగుతున్నారు. మాఫీ మీద నాకు కోపం లేదు. ఏమీ నేర్పకుండా, ఏమీ అడక్కుండా ఇచ్చే మాఫీ అన్యాయమని నా వాదన. మెసేజ్ రాగానే కట్టినవాడికి దండగ, ఎగ్గొట్టినవాడికి బహుమానం. కర్నూలు రాజ్‌విహార్ దగ్గరో, కడప ఏడు రోడ్ల కూడలిలోనో కాసేపు నిలబడి చూడండి. హ్యాండిల్‌కు వేలాడే హెల్మెట్ పోలీసు కనబడగానే తలకెక్కుతుంది, మలుపు దాటగానే మళ్లీ హ్యాండిల్‌కే చేరుతుంది. జరిమానా నేర్పింది అంతే.

నిజానికి దారి చట్టంలోనే ఉంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం హెల్మెట్ లేకపోతే 1000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. సస్పెండైన లైసెన్సు తిరిగి చేతికి రావాలంటే రిఫ్రెషర్ శిక్షణ పూర్తిచేయాలి. జరిమానా సంగతి అందరికీ తెలుసు, శిక్షణ సంగతి ఎత్తేవాళ్లే లేరు. మనవాళ్లు వేలమంది ఉండే టెక్సాస్‌లో చిన్న తప్పుకు టికెట్ పడితే, కోర్టు అనుమతితో ఆరు గంటల క్లాసు విని, సర్టిఫికెట్ చూపి కేసు కొట్టేయించుకోవచ్చు. అదీ 12 నెలలకు ఒక్కసారే. హద్దు మీద 25 మైళ్లు, అంతకు మించి దూకినవాడికి ఆ అవకాశం లేదు. కమర్షియల్ లైసెన్సు ఉన్నవాడికి అసలే లేదు.

మన దగ్గరా మాఫీ కావాలంటే క్లాసు వినాల్సిందే అని పెట్టాలి. కూలికి పోయేవాడు క్లాసుకెట్లా వస్తాడని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2025-26లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. వెయ్యి అంటే మూడు రోజుల కష్టం పైమాటే. ఆదివారం సాయంత్రం ఆర్టీసీ డిపోలో తెలుగులోనూ ఉర్దూలోనూ ఉచితంగా క్లాసు పెడితే అతనికి ఆ డబ్బూ మిగులుతుంది, కూలీ పోదు. ఆ క్లాసులో చెప్పాల్సింది ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుందని, హైవే మీద డివైడర్ సందులో నుంచి బైకు తిప్పేవాడికి ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా? దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొస్తాయన్న భయమూ ఉత్తది కాదు. అందుకే హాజరు వేలిముద్రతో తీసుకుని ఈ-చలానా రికార్డుకు నేరుగా ఎక్కించాలి, మనిషి చేతికి కాగితమే ఇవ్వకూడదు.

తాగి నడిపినవాళ్లకు, ప్రమాదకరంగా నడిపినవాళ్లకు, ప్రయాణికులను ఎక్కించుకునే బళ్లకు మాత్రం క్లాసూ వద్దు, రాయితీ అసలే వద్దు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, 44వ నంబరు జాతీయ రహదారి మీద, ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అంతకుముందే రోడ్డు మీద పడిపోయిన బైకును ఆ బస్సు ఈడ్చుకుపోయింది. బైకు నడిపినతను తాగి ఉన్నాడని పోలీసులు చెప్పారు. బస్సు మీద కట్టని చలానాలు ఉన్నాయని పత్రికలు రాశాయి. ఆ చలానాల వల్లే మంటలు లేచాయని ఎవరూ అనరు. కానీ అట్లాంటి బండి పాత బాకీతోనే రాష్ట్రాలు దాటి తిరగగలిగింది. రేపు ఇంకో రాయితీ ప్రకటిస్తే, హెల్మెట్ మరిచిన కూలివాడి పక్కన అదే వరుసలో ఆ బస్సు యజమాని కూడా నిలబడతాడు.