అర్ధరాత్రి మెసేజ్ కూడా అమానతే



ముఅజ్జిన్ సాబ్ వఖ్త్ కాని వఖ్త్‌లో రోజుకు యాభైసార్లు అజాన్ ఇచ్చారనుకోండి. వారం తిరిగేలోగా మొహల్లాలో ఒక్కరూ తల ఎత్తరు. అసలు ఫజర్ అజాన్ కూడా ఆ గోలలో కలిసిపోతుంది. అప్పుడు తప్పెవరిది? నిద్రపోయినవాళ్లదా, వేళాపాళా లేకుండా పిలిచినవాళ్లదా?

ఈ సవాల్ ఊరికే అడగడం లేదు. కంప్యూటర్ నౌకరీ చేసే మన పిల్లల దిండు కింద ఫోన్ ఇప్పుడు ఇదే పని చేస్తోంది.

సంగతేమిటంటే, కంపెనీ సర్వర్లను రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్‌లు ఉంటాయి. 1999లో నెట్‌సెయింట్ పేరుతో మొదలై తర్వాత నాగియోస్ అయినది వాటిలో మషూర్. హకీమ్ సాబ్ నబ్జ్ పట్టినట్టు అది కొన్ని నిమిషాలకోసారి చూస్తుంది: వెబ్‌సైట్ పలుకుతోందా? డిస్క్ నిండిపోయిందా? మెయిల్ కదులుతోందా? తేడా వస్తే ఎస్సెమ్మెస్ కొడుతుంది. ఈమెయిల్ చాలదు. నెట్‌వర్కే పడిపోతే, ఆ ఖబర్ మోసే ఈమెయిల్ కూడా దాంతోపాటే పడిపోతుంది. అందుకే సర్వర్‌కు సిమ్ వేసిన జీఎస్ఎమ్ మోడెమ్ తగిలించి, మొబైల్ టవర్ దారిన ఖబర్ పంపుతారు. అఖల్‌మంద్ పనే, కాదనను.

నా షికాయత్ మెషీన్ మీద కాదు. దాన్ని అడ్డగోలుగా వదిలేసిన సాబ్‌ల మీద.

మా భాంజా హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేస్తాడు. వాళ్ల సర్వర్‌లో రోజూ రాత్రి రెండింటికి బ్యాకప్ నడుస్తుంది. ఆ కాసేపు లోడ్ పెరుగుతుంది, మెసేజ్ వస్తుంది. పది నిమిషాలకు దానంతటదే తగ్గుతుంది, ఇంకో మెసేజ్. రోజూ ఇదే తమాషా. నెల తిరిగేసరికి నిద్రలోనే వేలు ఫోన్ నొక్కేయడం నేర్చుకుంది. రంజాన్‌లో ఒక రాత్రి తరావీహ్ చదివొచ్చి పడుకున్నాడు. రెండింటికి అదే మోత. నొక్కేశాడు. ఆ రోజు వచ్చింది మాత్రం డేటాబేస్ డిస్క్ పూర్తిగా నిండిపోయిన ఖబర్. సెహ్రీకి లేచి చూసేసరికి ఆర్డర్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. పొద్దున మెమో చేతికొచ్చింది: లాపర్వాహీ అట! ముప్పై రాత్రులు ఝూటా ఖబర్ పంపినవాళ్లకు మెమో లేదు. ముప్పై ఒకటో రాత్రి నమ్మనివాడు ముజ్రిమ్!

ఖబర్ వస్తే ముందు తహ్కీక్ చేయమని నేర్పిన దీన్ మనది. ఆశ్చర్యమేమిటంటే, ఆ తహ్కీక్ నాగియోస్‌లోనూ ఉంది. ఒక్కసారి తేడా కనిపించగానే అరవకుండా, వరసగా మూడుసార్లు చూసి అప్పుడే చెప్పమని పెట్టుకోవచ్చు. బ్యాకప్ వేళకు నోరు మూసుకోమని ముందే రాసి పెట్టవచ్చు. ఒక స్విచ్ చచ్చిపోతే దాని వెనకున్న నలభై సర్వర్లూ నలభై మెసేజ్‌లు పంపకుండా, ఏది దేని వెనక ఉందో చెప్పి పెట్టవచ్చు. ఒకడు లేవకపోతే కొంతసేపటికి ఇంకొకడికి వెళ్లేలా చేయవచ్చు. ఇవేవీ కొత్తవి కావు, పైసా ఖర్చూ లేదు. కావలసింది కూర్చుని రాసే ఓపిక, పక్కవాడి నీంద్ మీద కాస్త రహమ్.

"ఒక మెసేజ్ ఎక్కువొస్తే నుఖ్సాన్ ఏముంది, రాకపోతేనే కదా ఖత్రా" అంటారు సాబ్‌లు. నుఖ్సాన్ ఉంది. ప్రతి ఝూటా మెసేజ్ అసలు మెసేజ్ మీద ఉన్న భరోసాను కొంచెం కొంచెం తినేస్తుంది. గూగుల్ ఇంజనీర్లు 2016లో తెచ్చిన సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్ పుస్తకం 12 గంటల డ్యూటీలో రెండు ఘటనలకు మించకూడదని లెక్క కట్టింది. అంత పెద్ద దుకాణమే మనిషికి హద్దు ఉందని ఒప్పుకుంటే, మన సాబ్‌లకేం వచ్చింది?

నా ఉసూల్ ఒక్కటే. మనిషి లేచి చేయాల్సిన పని ఉంటేనే రాత్రి మెసేజ్ వెళ్లాలి. లేకపోతే పొద్దున ఈమెయిల్ చాలు. ఎస్సెమ్మెస్‌లో 160 ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. ఏ సర్వర్, ఏం జరిగింది, ముందు ఏం చేయాలి — మూడూ అందులో రాయవచ్చు. అది అమానత్. ఇక రాత్రి లేపితే ఆ వఖ్త్‌కు ఉజ్రత్ ఇవ్వాలి, మర్నాడు ఆలస్యంగా రానివ్వాలి. చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలని మన మజ్హబ్ చెబుతుంది. నిద్ర చెడితే కారేది చెమట కాదా?

మన ఇళ్లకూ ఒక మాట. "అర్ధరాత్రి కూడా నా బేటా లేకపోతే కంపెనీ నడవదు" అని మా ఆపా ఫఖర్‌గా చెప్పుకునేది. ఫఖర్ తర్వాత, ఆపా. ముందు అడుగు: ఈ నెల ఎన్ని మెసేజ్‌లొచ్చాయి బేటా, అందులో ఎన్నింటికి నిజంగా పని పడింది? ఆ రెండు అంకెలు కాగితం మీద రాసి సాబ్ ముందు పెట్టమను. అరుపులు అక్కర్లేదు, హిసాబ్ చాలు.

ఇక ఆ బేటాకు చివరి మాట. రేపు నువ్వే సాబ్ అవుతావు, ఇన్షా అల్లాహ్. ఆ మెసేజ్ ఎవరికి వెళ్లాలో నీ చేత్తోనే రాస్తావు. అవతల నిద్రపోయేవాడు ఏ మజ్హబ్ వాడైనా సరే, అతని నీంద్ అతని హక్. హుఖూఖుల్ ఇబాద్ లెక్కలో అదీ ఉంటుంది.

అల్లాహ్ హాఫిజ్.