మరక పడిన తెరను పారవేయవలెనా?

పాత రంగుల టెలివిజను తెరపై ఒక మూల పచ్చగానో ఊదాగానో మరక కనిపించినంతనే "గొట్టము చెడినది" యని తూకమునకు అమ్మివేయుదురు. ఇది తొందరపాటని నా అభిప్రాయము.

తెర గాజు వెనుకనే సన్నని రంధ్రములు గల లోహపు రేకు కలదు. మూడు ఎలక్ట్రాను ధారలు ఆ రంధ్రములగుండా పోయి ఎరుపు, ఆకుపచ్చ, నీలము చుక్కలపై వేర్వేరుగా పడవలెను. అయస్కాంతమునో, పెద్ద స్పీకరునో దగ్గర నుంచినచో ఆ రేకును అయస్కాంతమగును. ధారలు దారి తప్పి, ఒకటి వెలిగింపవలసిన రంగునకు మారుగా వేరొకటి వెలిగించును. నలుపు తెలుపు పెట్టెలలో ఆ రేకే లేదు గనుక ఈ వ్యాధియు లేదు.

మందు చాలవరకు పెట్టెలోనే యున్నది. చల్లారియున్న పెట్టెను వేయగానే వినవచ్చు "ఝుం" అను ధ్వని గొట్టము చుట్టునున్న తీగచుట్టది. అందలి ఏకాంతర విద్యుత్తు క్రమముగా క్షీణించుచు అయస్కాంతత్వమును తుడిచివేయును. వెంటవెంటనే స్విచ్చి నొక్కుట వ్యర్థము. అరగంట చల్లారనిచ్చి మరల వేయవలెను. అప్పటికిని పోనిచో, మెకానిక్కు వేరొక చుట్టను తెరముందు త్రిప్పుచు మెల్లగా దూరము తీసికొనిపోయి, పిమ్మటనే ఆపును. దగ్గర ఆపినచో మరక హెచ్చును. పెట్టె క్రిందపడి రేకు వంగినచో మాత్రము ఏ చుట్టయు పనికిరాదు. వెనుక మూత విద్యార్థులు విప్పరాదు. లోపలి వోల్టేజి ప్రాణాంతకము.

ఆ గాజులో సీసము కలదు. పాఠశాల కొట్టుగదిలో అట్టి పెట్టె యున్నచో, పాత సామానువానికి ఇచ్చుటకు ముందు ఒక్కదినము భౌతికశాస్త్రపు తరగతికి తెప్పింపుడని ఉపాధ్యాయులను కోరుచున్నాను.