పదో తరగతి రాగానే ఆట మాన్పించాలా?



తొమ్మిదో తరగతి దాకా అమ్మాయిని ఆటకు మనమే బండి మీద దింపి వస్తాం. పదిలోకి రాగానే "ఇక చాలమ్మా, ఈ ఏడాది చదువు మీద దృష్టి పెట్టు" అంటాం. ఆ తర్వాత ఇంటర్, నీట్, జేఈఈ. కిట్ బ్యాగ్ అటకెక్కుతుంది, మళ్లీ దిగదు. మీ అమ్మాయి చేత ఆట మాన్పించే ముందు జపాన్ జూడో క్రీడాకారిణి ర్యోకో తాని ప్రయాణాన్ని ఒకసారి చూడమని మనవి.

ఆమె 1975లో ఫుకువోకాలో పుట్టారు. ఎత్తు 146 సెంటీమీటర్లే. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో మహిళల జూడోకు తొలిసారి పతకాలు ఇచ్చారు. అప్పటికి ర్యోకోకు 16 ఏళ్లు, అంటే మన పిల్లలు పది పూర్తిచేసి ఇంటర్‌లో చేరే వయసు. 48 కిలోల విభాగంలో ఫైనల్ చేరి ఓడిపోయారు. 1996 అట్లాంటా నాటికి ఆమె రెండుసార్లు ప్రపంచ విజేత, వరుసగా 84 పోటీలు గెలిచి ఉన్నారు. అయినా ఫైనల్‌లో ఉత్తర కొరియాకు చెందిన 16 ఏళ్ల క్యే సున్ హుయి చేతిలో ఓడారు.

రెండు ఒలింపిక్స్, రెండు ఫైనల్స్, రెండూ ఓటములే. మన ఇంట్లో అయితే ఏమనేవాళ్లం? "రాసిపెట్టి లేదు, వదిలెయ్" అనేవాళ్లమే. ఆమె మాత్రం 2000లో సిడ్నీలో, 2004లో ఏథెన్స్‌లో స్వర్ణం గెలిచారు. తల్లి అయ్యాక 2007లో ఏడోసారి ప్రపంచ టైటిల్ సాధించి, 2008లో బీజింగ్‌లో 32 ఏళ్ల వయసులో కాంస్యం తెచ్చుకున్నారు. ఈ మధ్యలో విశ్వవిద్యాలయంలో చదివారు, టొయోటా సంస్థలో ఉద్యోగం చేశారు. 2010లో జపాన్ పార్లమెంటు ఎగువ సభకు ఎన్నికయ్యారు.

జూడోలో మొదట నేర్పేది ఎదుటివాళ్లను పడేయడం కాదు, తాము దెబ్బ తగలకుండా పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో మ్యాట్‌ను చరిచి, వెంటనే లేవాలి. దీన్ని వందలసార్లు చేయిస్తారు. 1882లో ఈ విద్యను రూపొందించిన జిగోరో కానో స్వయంగా ఉపాధ్యాయుడు. మనం పిల్లలకు ర్యాంకు తెచ్చుకోవడం నేర్పుతున్నాం. వీక్లీ టెస్టులో ర్యాంకు పడిపోయిన రోజు ఏం చేయాలో నేర్పుతున్నామా?

"అందరూ తాని అవుతారా?" అని మీరు అడగవచ్చు. కారు. జూడోలో భారత్‌కు ఇంతవరకు ఒలింపిక్ పతకం లేదు. మణిపూర్‌కు చెందిన సుశీలా దేవి 2014 కామన్వెల్త్ క్రీడల్లో రజతం గెలిచారు. మళ్లీ రజతం రావడానికి 2022 దాకా, ఎనిమిదేళ్లు పట్టింది. పతకం కోసమే అయితే ఇది లాభసాటి బేరం కాదు. నేను అడుగుతున్నది పతకం కోసం కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. దెబ్బలు తగులుతాయి. కాబట్టి మంచి మ్యాట్లు ఉన్నాయా, పడటం సరిగ్గా నేర్పుతున్నారా అని మీరే వెళ్లి చూడండి. బరువు విభాగం కోసం ఎదిగే పిల్ల చేత తిండి మాన్పించే కోచ్ దగ్గరకు మాత్రం పంపకండి.

బాధ్యత ఇంటిది మాత్రమే కాదు. పరీక్షలు దగ్గరపడగానే గేమ్స్ పీరియడ్‌ను రివిజన్‌కు ఇచ్చేసే అలవాటు మన బడుల్లోనూ ఉంది. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగినట్టే దాని గురించీ అడగండి. అడిగేవాళ్లుంటేనే ఆ పీరియడ్ నిలుస్తుంది.

వారానికి మూడు సాయంత్రాలు, రోజుకు గంట. పదో తరగతి ఏడాదిలోనూ ఈ మూడు గంటలు ఉంచండి. జూడోనే కానక్కర్లేదు, కబడ్డీ అయినా, షటిల్ అయినా సరే. ఆమె ఓడి వచ్చిన రోజు "ఎందుకు ఓడావు?" అనకండి. అన్నం పెట్టి, "మళ్లీ ప్రాక్టీస్ ఎప్పుడమ్మా?" అని అడగండి.