జనవరి లక్ష్యాలు, మన సంకల్పం

ప్రతి జనవరిలోను మా సాయంకాలపు తెలుగు తరగతిలో కొన్ని కుర్చీలు ఖాళీ అవుతాయి. దక్షిణాఫ్రికాలో బడి సంవత్సరం మొదలయ్యేది అప్పుడే కనుక కొత్త పుస్తకాలతోపాటు కొత్త నిర్ణయాలు కూడా ఇళ్లలోకి వస్తాయి. ఈ ఏడు ఒక తల్లి మా వద్దకు వచ్చి, ఎంతో మర్యాదగా ఇంగ్లీషులో, "ఆంటీ, ఏమీ అనుకోకండి. ఈ సంవత్సరం మా ఇంటిల్లిపాదికీ ఒకటే లక్ష్యం పెట్టుకున్నాము, సంతోషంగా ఉండాలని. బాబుకు తెలుగు క్లాసులో సంతోషం లేదు. అందుకే మానిపిస్తున్నాము" అన్నది. మేము తల ఊపి పంపించాము. తగిన జవాబు అప్పుడు తోచలేదు. ఇంటికి వెళ్లిన తరువాత తోచింది. ఆ జవాబే ఈ వ్యాసము.

మా అభియోగం సంతోషం మీద కాదు. సంతోషాన్ని కాగితం మీద మొదటి వరుసలో రాసుకొని, ఆపైన ప్రతి పనినీ "ఇది నాకు సంతోషమిస్తున్నదా?" అని తూచే పద్ధతి మీద. ఆ త్రాసులో ఏ విద్యా మొదటి సంవత్సరం నిలవదు. వీణ నిలవదు, ఈత నిలవదు, గణితం అసలే నిలవదు. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాళ్లము కనుక ఇంత నిక్కచ్చిగా అనగలుగుతున్నాము. అయినా సంతోషం లేదని గణితం మానిపించడానికి ఏ తల్లీ ఇంతవరకు మా వద్దకు రాలేదు. ఆ త్రాసు ఇంట్లోనుండి బయటికి వచ్చేది తెలుగు వంతు వచ్చినప్పుడే.

సంతోషం అనే మాటనే చూడండి. తెలుగులో దానిని ఆనందమనే అర్థంలో వాడుతున్నాము గాని, సంస్కృతంలో దాని ముఖ్యార్థం తృప్తి. పతంజలి యోగసూత్రాలలో చెప్పిన ఐదు నియమాలలో సంతోషం ఒకటి. దాని వెంటనే వచ్చేది తపస్సు, ఆ తరువాతది స్వాధ్యాయం. నియమమంటే నిత్యం సాధన చేయవలసినది. సాధన మాని దానిని పట్టుకోబోవడం విత్తనం వేయకుండా చెరకు నరకబోవడం వంటిది.

మన గుడిలో పూజ మొదలుపెట్టేటప్పుడు పురోహితులు చెప్పించే సంకల్పాన్ని ఒకసారి శ్రద్ధగా వినండి. లక్ష్యం పెట్టుకోవడమంటే అదే. ముందు కాలం చెబుతారు: సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. (ఉగాదినాడు వసంత ఋతువని చెబుతూ ఉండగా బయట మనకు శరత్కాలపు గాలి వీస్తూ ఉంటుంది. ఆ చిక్కును గురించి మరొకసారి ముచ్చటించుకుందాము.) తరువాత గోత్రం, పేరు, ఆ వెంటనే "సహకుటుంబానాం". అంటే కోరిక ఒక్కరిది కాదు. క్షేమం, స్థైర్యం, ధైర్యం, ఆయురారోగ్యాలు అడిగిన తరువాత చివరకు వచ్చే మాట "కరిష్యే", చేస్తాను అని. ఫలానా పని, ఇప్పుడు, ఇక్కడ. ఫలితాన్ని దేవుణ్ణి అడుగుతారు, పనిని తమ మీద వేసుకుంటారు. జనవరి కాగితాలలో ఇది తలక్రిందులైంది. ఫలితాన్ని మన బాధ్యతగా రాసుకుంటున్నాము, పని ఊసే ఉండదు. సంతోషం రాకపోతే ఫిబ్రవరిలో మనల్ని మనమే నిందించుకుంటున్నాము.

మన పూర్వుల సంగతి తలచకుండా ఈ మాట పూర్తి కాదు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది మొదలు 1911 వరకు ఒప్పందపు కూలీలు నటాలుకు వస్తూనే ఉన్నారు. ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడు మగవాడి కూలి నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు. ఒప్పందం తీరిన తరువాత ఇక్కడే నిలిచిపోదలచిన వారిపై 1895 చట్టం ఏటికి 3 పౌన్ల పన్ను వేసింది. అది 1914లో గాని తొలగలేదు. అటువంటి సంపాదనలో నుండి చందాలు వేసుకొని గుళ్లు కట్టారు, బడులు కట్టారు. 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. వారు సంతోషంగా ఉన్నారని మేము అనము. చెరకు తోటలలో పడిన బాధను పీటమీద పెట్టి పూజించడం కూడా మాకు గిట్టదు. "తాతలు అంత కష్టపడ్డారే, నువ్వు గుణింతాలు రాయలేవా?" అని గద్దించే పెద్దలు మా తరగతికి చేసిన కీడు తక్కువేమీ కాదు. అయితే వారు పెట్టుకున్న లక్ష్యాల నీడలో మరొకరు కూర్చునే చోటు ఉండేది. ఈనాడు మనం తరగతి జరుపుకుంటున్న హాలు అటువంటి చోటే.

మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ బాబు చేత నాలుగు నెలలు గుణింతాలే రాయించాము. ఇంట్లో చెప్పుకోదగిన వాక్యం ఒక్కటైనా అతడు ఇంటికి తీసుకుపోలేదు. రోజంతా ఉద్యోగం చేసి, చాట్స్‌వర్త్ నుండో ఫీనిక్స్ నుండో బిడ్డను కారులో తెచ్చి, తరగతి అయ్యేదాకా బయట కూర్చునే తల్లి అలసట మాకు తెలియనిది కాదు. ఆమె అలసి మానిపించి ఉంటే మేము నొచ్చుకునేవాళ్లము కాము. సంతోషం పేరు చెప్పి మానిపించినందుకే ఈ వాదన.

ఎందుకంటే మేము తెలుగు అక్షరాలు దిద్దినది యాభై ఎనిమిదవ ఏట. మొదటి సంవత్సరం సంతోషమన్నది లేదు. వేళ్ల నొప్పి, ళకారానికి తిరగని నాలుక, మనుమల వయసు పిల్లల ముందు సిగ్గు. మా చిన్నతనంలో అవ్వ ఎప్పుడూ "ఎంగిలి, ఎంగిలి!" అని కసిరేది. మా గ్లాసుతో అన్నయ్య నీళ్లు తాగబోతే ఎంగిలి. గరిటె నోట పెట్టుకొని మళ్లీ కూరలో ముంచితే ఎంగిలి. మురికి అని అర్థం కాబోలు అనుకొని యాభై ఏళ్లు గడిపాము. తరగతిలో రెండవ సంవత్సరం ఒక పాఠంలో ఆ మాట కనబడింది. నోరు తగిలినది అని అర్థం, ఇంగ్లీషులో ఒక్క మాటలో చెప్పలేనిది. అంతమంది పెద్దవాళ్లము ఒక్కసారిగా నవ్వాము. ప్రతివారి ఇంట్లోను ఆ కసురు ఉండేదట! ఒకావిడ కళ్లు తుడుచుకున్నది. ఆ సంతోషాన్ని ఏ జనవరిలో ఏ కాగితం మీద రాసి ఉండగలము? రాయాలంటే ముందు ఆ మాట తెలిసి ఉండాలి గదా!

కనుక ఈ నెలలో కాగితం ముందు పెట్టుకున్నవారు "సంతోషంగా ఉంటాను" అన్న వరుసను కొట్టివేయండి. ఆ చోట ఒక పని, ఒక వారం, ఒక తోడు రాయండి. "ఆదివారం భోజనాలైన తరువాత బాబూ నేనూ అవ్వ దగ్గర కూర్చొని, ఆమెకు గుర్తున్న తెలుగు మాట ఒకటి అడిగి పుస్తకంలో రాసుకుంటాము." ఇది లక్ష్యము. ఉగాదినాడు బాబు పచ్చడి గిన్నె పట్టుకొని, తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అని పేర్లు చెబుతూ అందరికీ వడ్డించడం మరొకటి. ఏ వారమైనా తప్పితే తప్పిందని రాసుకోండి, అంతే. జనవరిలో జారిపోయినవారికి మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఇంకొక సంవత్సరాది ఉండనే ఉన్నది. మన పొరుగువారికి ఆ సౌకర్యం లేదు.

ఈ సంచికను ఆ తల్లికి మేమే తీసుకువెళ్లి ఇస్తాము. బాబు నోటుపుస్తకం మా దగ్గరే ఉండిపోయింది. "త" గుణింతం సగంలో ఆగి ఉన్నది. ఆ పుటను అలాగే ఉండనీయండి. వచ్చే మంగళవారం సాయంకాలం ఆరు గంటల తరగతిలో గుణింతాలు ఉండవు. పిల్లలు ఒక్కొక్కరు తమ ఇంట్లో విన్న తెలుగు మాట ఒకటి, అర్థం తెలియకపోయినా సరే, తీసుకురావాలి. అతనికి కూడా కుర్చీ వేసి ఉంచుతాము.