అయాచిత ధనము - ప్రాచీన నాణెములు

రహదారి వెడల్పునకో కాలువకో భూమి పోయినందులకు పరిహారముగా గాని, ఇక చేతికి రాదనుకొన్న పాత బాకీ వసూలగుటచేత గాని కొందఱు గృహస్థులకు ఒక్కమాఱుగా ద్రవ్యము సమకూరుచుండును. అప్పులు తీర్చి, పిల్లల చదువులకు తీసియుంచిన పిమ్మట మిగిలినదానిని పాతనాణెములపై వెచ్చింపదలచినవారు మా యెఱుకలో నొకరిద్దఱున్నారు. దీనిని దుబారా యని మేము తలంపము. పెండ్లిపందిళ్ల దీపాలంకరణమునకు ఇంతకు పదిరెట్లు వెచ్చించియు ఎవ్వరికిని సమాధానము చెప్పుకొననివారు మనలో ఎందఱు లేరు? అయితే ఆ సొమ్మును ఏ నాణెములపై, ఏ క్రమమున వెచ్చింపవలెననుట యోచింపదగిన విషయము.

మొట్టమొదట కన్ను పోవునది బంగారముపైననే. విజయనగర వరాహము సుమారు 3.4 గ్రాముల తూకము గల చిన్న నాణెము. బాలకృష్ణుని ప్రతిమ గల కృష్ణదేవరాయల వరాహమును చూచినచో ఎట్టి లోభికైనను చేయిచాప బుద్ధి పుట్టును. బంగారమే గదా, నష్టమెక్కడిదని వర్తకులు ధైర్యము చెప్పుదురు. ఈ మాట సగమే నిజము. లోహపు వెలకు మించి మనమిచ్చునదంతయు అది అసలైనదను నమ్మకమునకై యిచ్చునది. ఆ నమ్మకము వమ్మైననాడు చేతిలో మిగులునది కంసాలి తూచి యిచ్చు వెల మాత్రమే. పైగా ఈ వరాహములను పండితులు చిరకాలముగా పరిశీలించియే యున్నారు. మఱియొకటి మన పెట్టెలో చేరినంతమాత్రమున చరిత్రకు కలుగు లాభము స్వల్పము.

మోసములను గూర్చియు రెండు మాటలు చెప్పవలసియున్నది. సీతారామ పట్టాభిషేకము ముద్రించిన రామటంకములు పూజకై చేయబడిన బిళ్లలు గాని రాజులు చెలామణి చేసిన నాణెములు కావు. ఈస్టిండియా కంపెనీ పేరును, 1818 అను సంవత్సరమును, ఆంజనేయుని బొమ్మను గలిగి ఊరూర తిరుగుచున్న రాగిబిళ్లలు కంపెనీ టంకసాలలో పుట్టినవే కావు. వీనికి లక్షలు వచ్చునని ఆశపడి చేతిసొమ్ము పోగొట్టుకొన్నవారిని జూచి జాలిపడుట తప్ప ఏమి చేయగలము! పాత నాణెములు, నోట్లు కొందుమని చెప్పి తన పేరిట రుసుములు గుంజువారిని నమ్మవలదని రిజర్వు బ్యాంకు 2021లో ప్రజలను హెచ్చరింపవలసివచ్చినదన్న ఈ వ్యాధి యెంత ముదిరినదో ఊహింపవచ్చును.

మా సలహా యిది. చేతికి వచ్చిన సొమ్ములో నాలుగవ వంతు గ్రంథములకును, గ్రాములో నూఱవ పాలు వఱకు చూపు చిన్న త్రాసునకును, మంచి భూతద్దమునకును కేటాయింపవలెను. దక్షిణదేశ నాణెములపై వాల్టరు ఎలియటు వ్రాసిన గ్రంథమును, ఆంధ్రరాజుల నాణెములపై రాప్సను 1908లో ప్రకటించిన పట్టికయు నేటికిని పనికివచ్చునవే. ఆఱు మాసములు ఒక్క నాణెమైనను కొనక, హైదరాబాదు, చెన్నపట్టణపు మ్యూజియములలో అసలువానిని చూచి కన్నును తీర్చిదిద్దుకొనవలెను. ఆ పిమ్మట బంగారమును విడిచి, శాతవాహనుల సీసపు నాణెములను, రాగి తగరము సీసము కలిసిన పోటిన్ నాణెములను ప్రామాణిక వర్తకులవద్ద రసీదుతో కొనవలెను. చూచుటకవి మురికి బిళ్లలవలె నుండును. ఇంటికి వచ్చిన బంధువులు మెచ్చుకొనరు. కాని తెనుగునేల తొలిచరిత్ర చాలవఱకు ఈ బిళ్లలనుండియే తెలిసినది.

దీనికి కోటిలింగాలయే తార్కాణము. గోదావరి యొడ్డున నున్న ఆ గ్రామమున దొరకిన నాణెములను పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు చదివి ప్రకటించిన పిదప, శాతవాహన వంశపు తొలిరాజగు చిముకుని పేరు తెలంగాణ మట్టినుండి వెలువడినది. శాతవాహనుల తొలిదశ యెక్కడ గడచినదను వాదమునకు దానితో క్రొత్త బలము చేకూరినది. ఆ బిళ్లలే యే బజారులోనో, దొరకిన చోటు తెలియక, ఇతర నాణెములతో కలిసిపోయియున్నచో వానికి పావలా విలువయైన నుండెడిది కాదు! కావున కొనువాడు మొదట అడుగవలసిన ప్రశ్న వెల కాదు, దొరకిన తావు.

ఇచ్చటనే భూస్వాములకు సంబంధించిన సంగతి యొకటి కలదు. నాగలికి కుండ తగిలి నాణెములు బయటపడినపుడు వానిని రహస్యముగా కొనుట చవుకబేరమని కొందఱు భ్రమపడుదురు. 1878 నాటి నిక్షేపముల చట్టము ననుసరించి పదిరూపాయల విలువ మించిన నిక్షేపము దొరకినవాడు కలెక్టరుకు తెలుపవలెను. తెలుపక దాచినవానికి దానిపై హక్కు పోవుటయే గాక ఒక సంవత్సరము వఱకు ఖైదును కలుగవచ్చును. ప్రభుత్వము తీసికొన్నచో లోహపు విలువపై అయిదవ వంతు మాత్రమే అదనముగా చెల్లించును. ఇది లోభమునే రేపుచున్నదని మా యభిప్రాయము. పురావస్తువునకు తగిన వెల యిచ్చినగాని కుండలు కంసాలి కొలిమికి పోక మానవు. అయినను చట్టము మాఱువఱకు దానిని దాటి కొనుట దొంగసొత్తు కొనుటవంటిదే. నూఱేండ్లు దాటిన నాణెములను దేశము దాటించుటయు 1972 నాటి చట్టముచే ప్రజలకు నిషిద్ధము.

కొన్నవానిని చింతపండుతో తోమువారిని మేమెఱుగుదుము. తళతళలాడునని మురిసిపోవుదురు గాని, ఆ తోముటలో అక్షరములు సగము పోవును. సీసపు నాణెములను చెక్కపెట్టెలలో దాచుట మఱియు చెఱుపు. కొయ్యనుండి వచ్చు పులుసు ఆవిరి తగిలి అవి తెల్లని పొడియై రాలిపోవును. మెత్తని ప్లాస్టిక్ సంచులును రాగికి మంచివి కావు.

తిరిగి అమ్మినచో సొమ్ము వచ్చునాయని అడుగువారికి భూమి కొనుడని చెప్పుదుము. ఈ వ్యసనమునకు దిగినవారు మాత్రము ఒక లెక్కపుస్తకము పెట్టి, ప్రతి నాణెమునకు తూకము, దొరకిన తావు, కొన్న తేది, ఇచ్చిన వెల తెనుగున వ్రాసి, ఆ పుస్తకమును నాణెములతోపాటు ఎవరికి చెందవలెనో వీలునామాలో ఇప్పుడే పేర్కొనవలెనని కోరుచున్నాము.